పంటు దాటువరకు: గోదావరి సీమలో మోటారు బండ్ల తాత్కాలిక మరమ్మతు

ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట గోదావరి మండలములకు సేద్యపు నీటితోబాటు ఒక రాచబాటను గూడ ప్రసాదించినది. ఆనకట్టనుండి సాగిన కాలువలు పొలములకు నీరు పారించుటకే గాక పడవలు నడచుటకును త్రవ్వబడినవగుటచే, మోటారు బండి ఈ సీమలో అడుగిడునప్పటికి ధాన్యపు బస్తాలు మొదలు పెండ్లివారి సామానువరకు సమస్తమును నీటి మీదనే సాగిపోవుచుండెను. నడికాలువలో పడవ పలకల సందున నీరు చొచ్చినచో అక్కడ వడ్రంగి దొరకడు. కావున పడవవాడు నారయు గుగ్గిలమును నూనెయు తనవద్దనే ఉంచుకొని, సందులలో నార కూరి, నూనెలో కరగించిన గుగ్గిలమును పూసి, ఎట్లో రేవు చేరెడివాడు. మోటారు బండికి నడిదారిలో వంటింటి సరకులతో చేసికొను చౌక మరమ్మతును గూర్చి వ్రాయబూని పడవతో మొదలుపెట్టుటకు కారణమిదియే: ఈ సీమ డ్రైవర్లకు ఆ విద్య మొదట అబ్బిన చోటు రేవు అని నా నమ్మకము.

ఇచ్చటి భూస్వరూపము కూడ ఆ నమ్మకమునకు బలమిచ్చుచున్నది. రాజమహేంద్రవరమువద్ద రైలు వంతెన 1900లోనే సిద్ధమైనను, రోడ్డును రైలును కలిపి మోయు వంతెన 1974లో తెరువబడువరకు ఆ పట్టణమునకును ఎదుటి గట్టుననున్న కొవ్వూరునకును నడుమ మోటారు తన చక్రముల మీద తాను నది దాటుటకు దారి లేదు. కోనసీమ సంగతి చెప్పనే అక్కరలేదు. నరసాపురమునుండి సఖినేటిపల్లికి పోవలెనన్నను, కోటిపల్లినుండి ముక్తేశ్వరము చేరవలెనన్నను బండిని పంటు మీదికి ఎక్కించి గోదావరి పాయను దాటవలసినదే. పంటు ఒకసారి తప్పినచో గంటల తరబడి ఇసుకలో పడిగాపులు. ప్రొద్దు వాలినచో రాత్రి అక్కడనే. లంకలో ఆగిపోయిన బండికి విడిభాగము కావలెనన్న ముందుగా మనిషి నది దాటవలెను, తరువాత వస్తువు నది దాటి రావలెను. అట్టి తావున మరమ్మతు యేండ్లతరబడి నిలువవలెనని ఎవ్వరును కోరరు. అవతలి గట్టు చేరువరకు నిలిచిన చాలును. ఈ పరిమితిని ఎరిగియుండుటయే ఆ విద్యలోని ప్రధానాంశము.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ అవసరమును నిత్యకృత్యముగా మార్చినది. 1941లో పెట్రోలుకు రేషను వచ్చెను. మరుసటి యేట మలయా, బర్మాలు జపాను వశమగుటతో రబ్బరును నూనెయు మరింత కరవయ్యెను. 1942 ఏప్రిలు 6వ తేదీన కాకినాడ మీదనే బాంబులు పడుటతో యుద్ధము మన గుమ్మములోనికి వచ్చినట్లయ్యెను. అప్పుడు బస్సుల వెనుక ఇనుప పీపాలు వెలసి, బొగ్గును చాలీచాలని గాలిలో మండించి, అందుండి పుట్టు వాయువును బట్ట వడపోతలగుండ ఇంజనుకు పంపుట ఆచారమాయెను. తెల్లవారుజామున క్లీనరు లేచి, పీపాలో నిప్పు రాజేసి, విసనకఱ్ఱ యంత్రమును చేతితో త్రిప్పి త్రిప్పి, వాయువు సరిగా పుట్టినదని రూఢి చేసికొనిన తరువాత గాని బండి కదలదు. కదలినను పెట్రోలుతో వచ్చు శక్తిలో మూడవ వంతు కాలువలో కలిసినట్లే. పడవలు క్రిందుగా పోవుటకై ఎత్తుగా కట్టిన కాలువ వంతెనలవద్ద ప్రయాణికులు దిగి నడచుటయు, ఒక్కొక్కప్పుడు బండిని వెనుకనుండి త్రోయుటయు ఆనాటివారికి వింత కాదు. టైరు చీలినచో పాత టైరు ముక్కను లోపల గేటరుగా అమర్చిరి. ట్యూబు పూర్తిగా పాడైనచో వరిగడ్డిని పేని టైరులో బిగియ కూరి, నడక వేగముతో ఊరు చేర్చిరి.

యుద్ధము ముగిసినను కరవు ముగియలేదు. ఇచ్చట తయారీకి పూనుకొనక కూర్పు మాత్రమే చేయు విదేశీ సంస్థలకు తావుండరాదని టారిఫ్ కమిషను 1953లో సూచించిన పిదప, 1928 నుండి బొంబాయిలో షెవర్లేలను కూర్చుచుండిన జనరల్ మోటార్సు 1954లో ఆ పని మానుకొనెను. ఫోర్డు సంస్థయు అదే దారి పట్టెను. దేశీయ పరిశ్రమ నిలద్రొక్కుకొనుటకు ఆ నిర్ణయము మేలే చేసినది, కాని రోడ్డు మీద నడచుచున్న పాత బండ్లు దిక్కులేనివైనవి. 1957లో అంబాసిడరు వచ్చి, క్రమముగా ప్రతి పట్టణమునను దాని భాగములు దొరకువరకు, ఈ సీమలోని పాత ఫోర్డులను షెవర్లేలను బ్రతికించినవారు కమ్మరులు, కంచరులు, వీధివీధి తిరిగి బిందెలకు మాట్లు వేయువారు. ఇది అతిశయోక్తి కాదు. ఆనాటి రేడియేటరు ఇత్తడి, రాగి రేకులతో చేయబడి సీసము, తగరము కలిసిన టంకముతో అతుకబడెడిది. బిందె చేసిన లోహమే అది, బిందెకు వేసిన టంకమే దానికిని పట్టును. కంచరి చేతికి ఆ పని క్రొత్త కాలేదు.

కంచరి దొరకు చోటువరకు బండిని చేర్చునది పసుపు. ఆ పని జరుగు తీరు చూడదగినది. నడి వేసవిలో కాలువ గట్టు మీద బండి కాగి, బానెటు సందులనుండి ఆవిరి పొగలు వచ్చునంతనే డ్రైవరు బండిని చెట్టు నీడకు చేర్చి, ముందుగా చేయు పని ఏమియు చేయకుండుట. ఇంజను చల్లారువరకు మూత ముట్టరాదు, ముట్టినచో మరగిన నీరు ముఖము మీదికి ఎగయును. పిమ్మట సమీపమునందలి ఇంటి గుమ్మమువద్ద నిలిచి, "కాస్త పసుపుంటే ఇప్పించండమ్మా, బండిలో నీళ్లన్నీ కారిపోతున్నాయండీ" అని అడుగును. ఆ యిల్లాలు "పసుపెందుకయ్యా బండికి?" అని ఆశ్చర్యపడుచునే దోసెడు పసుపు తెచ్చి పోయును. దానిని చెంబెడు నీటిలో ఉండలు లేకుండ కలిపి, తడి గోనె వేసి మూత తిప్పి, లోన పోసి, ఇంజను నడిపింపగా, చిల్లునుండి జారు నీటిధార మొదట పచ్చనై, పిదప సన్ననై, చుక్కలుగా మారి, కొంతసేపటికి నిలిచిపోవును. పసుపులోని పిండి కణములు వేడి నీటిలో ఉబ్బి, చిల్లువద్ద చేరి, పైకి వచ్చినది గాలి తగిలి ఎండి బిరడా వలె బిగియును. ఆ పిమ్మట మూతను బిగింపక వదులుగా ఉంచుదురు. లోపల ఒత్తిడి పెరిగినచో ఆ బిరడా ఊడిపోవును గదా. దారిలో కాలువ కనబడిన చోటనెల్ల ఒక డబ్బా నీరు పోసికొనుచు సాగుదురు. అయితే చిల్లును మూసిన పిండియే సన్నని గొట్టములను గూడ మూయుట తథ్యము. ఊరు చేరిన వెంటనే రేడియేటరు విప్పి కడిగించనివాడు పసుపువలన పొందిన మేలును వడ్డీతో తిరిగి చెల్లించుకొనెడివాడు.

పెట్రోలు ట్యాంకు కారినచో బట్టల సబ్బు. ముక్కను వ్రేళ్లతో మెత్తగా పిసికి, కొంచెము దూదినో నారనో కలిపి చిల్లు మీద అదిమినచో కారుట నిలుచును, ఏలయన సబ్బు నీటిలో కరగునే గాని పెట్రోలులో కరగదు. ఈ సీమలో దానికి శత్రువు ఆకాశమునుండి వచ్చును. శ్రావణ మాసపు వానలో ట్యాంకు అడుగున రోడ్డు నీరు చిమ్మిన కొలది సబ్బు కరగిపోవును గనుక, అనుభవజ్ఞులు దాని పైన మైనము పూసిన గుడ్డ చుట్టి కట్టుదురు. అదే వానలో అద్దము తుడుచు వైపరు ఆగిపోయినచో చుట్ట పొగాకు అక్కరకు వచ్చును. లంక పొగాకు పండు నేలలో అది లేని జేబు అరుదు. తడి పొగాకును అద్దము మీద రుద్దినచో నీరు చుక్కలుగా నిలువక పలుచని పొరగా జారి దారి కనబడును.

ఫ్యాను బెల్టు తెగినప్పుడు కోనసీమ వాసికి మొదట స్ఫురించునది కొబ్బరి తాడు, కాని అది గరుకగుటచే కప్పీ గాడిలో త్వరగా అరిగి తెగును. పాత సైకిలు ట్యూబును కోసి కట్టినది సాగి పట్టుకొనును గనుక మేలు. ముడి చిన్నదిగా ఉండవలెను, వేగము తగ్గవలెను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటునందలి పాయింట్లు నల్లబడినచో అగ్గిపెట్టె ప్రక్కనున్న గరుకు పట్టీతో రుద్ది, అంగుళములో వేయింట పదునైదు వంతులుండవలసిన ఎడమును మడిచిన పోస్టుకార్డుతో అంచనా కట్టెడివారు. రోహిణి కార్తె ఎండలో పెట్రోలు పంపులోనే ఆవిరియై బండి మొరాయించినచో పంపు మీద తడి గుడ్డ వేయుదురు. అంబాసిడరు డ్రైవరు కాలి క్రింద నీళ్ల సీసాయు ఒక గుడ్డయు ఎల్లప్పుడు ఉండెడివి.

బ్రేకుల విషయమున మాత్రము నేను ఈ విద్యను మెచ్చుకొనలేను. బ్రేకు ద్రవము కారిపోయినచో కొందరు ఆముదము పోసెడివారు. దానికి శాస్త్రాధారము లేకపోలేదు. తొలినాటి బ్రేకు ద్రవములు ఆముదమును ఆల్కహాలును కలిపి చేసినవే. ఖనిజ తైలము రబ్బరు వాచరులను ఉబ్బించి చెరచును, ఆముదము అట్లు చేయదు. అయినను కారిన చోటు కారుచునే యుండగా, పంటు రేవునకు దిగు ఏటవాలు మీద నిండు బండిని ఆ నమ్మకముతో నడిపించుట సాహసము కాదు, అపరాధము. నిక్కమైన పనివారు బ్రేకు పోయిన బండిని ఎడ్లకు కట్టి లాగించెడివారే గాని నడపలేదు. గేరు పెట్టెలో రంపపు పొట్టు పోసి, అరిగిన పండ్ల చప్పుడు వినబడకుండ జేసి, పాత బండిని అమ్మువారు లోకమంతటను ఉండిరి. అది మరమ్మతు పేరిట జరిగిన మోసము, దానిని ఈ చరిత్రలో కలుపుట న్యాయము కాదు.

ఈ జ్ఞానము ఏ పుస్తకమునను లేదు. క్లీనరుగా చేరిన బాలుడు గురువుగారి ప్రక్కన యేండ్లకొలది కూర్చుండి, తిట్లు తిని, చేయి కాల్చుకొని నేర్చినది. వాడు డ్రైవరై మరియొక క్లీనరుకు నేర్పినది. 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో బండ్లు నమ్మకమైనవైనవి, విడిభాగములు మండల కేంద్రములకు వచ్చినవి, గోదావరి పాయల మీద ఒకటొకటిగా వంతెనలు లేచినవి. రేడియేటరు అల్యూమినియముతోను ప్లాస్టికుతోను చేయబడుటతో కంచరి టంకమునకు అందులో పని లేదు, దాని సన్నని మార్గములకు పసుపు విషతుల్యము. పాయింట్ల స్థానమును ఎలక్ట్రానిక్ పరికరము ఆక్రమించినది. పెట్రోలు పంపు ట్యాంకులోనికే పోయినందున తడి గుడ్డ వేయుటకు చోటు లేదు. అంబాసిడరు తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయినది. ఇప్పుడు దారిలో బండి ఆగినచో సంస్థకు ఫోను చేయుదురు, లాగుడు బండి వచ్చి ఎత్తుకొనిపోవును. క్లీనరు అను ఉద్యోగమే కార్లలో ఎన్నడో పోయి, లారీలలో సైతము పలుచబడుచున్నది. పాత బండ్లతో యేండ్లు గడపిన డ్రైవర్లు ఇంకను మన నడుమ ఉన్నారు. ఏ చిల్లుకు ఏ సరకు, అది ఎన్ని మైళ్లు నిలుచును, ఎక్కడ దానిని నమ్మరాదు అని వారు తడుముకొనకుండ చెప్పగలరు. ఎవరైన వారివద్ద కూర్చుండి ఆ మాటలను వ్రాసికొనవలసియున్నది.