పేరు లేని పితరులు

మహాలయ పక్షంలో మా కోనసీమ రేవుల్లో తర్పణం విడిచేవారు ముందుగా గోత్రమూ పేరూ చెబుతారు. మరి పేరు తెలియని పితరునికి నీళ్లు వదలడం ఎలాగన్నది నా చిన్ననాటి సందేహం. థాయిలాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానాన్ని గురించి చదువుతున్నప్పుడు అది మళ్లీ మనసులో మెదిలింది.

ఏటా ఏప్రిల్ 25న, ఆంజాక్ దినాన, అక్కడ సమాధులవద్ద పుష్పగుచ్ఛాలు ఉంచి మౌనం పాటిస్తారు. కామన్వెల్త్ సైనికులు 5,084 మంది, డచ్చివారు 1,896 మంది అక్కడ ఉన్నారు. 1942-43లో జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించినప్పుడు ప్రాణాలు విడిచిన యుద్ధఖైదీలు వారు.

ఆ మార్గానికే మలయా రబ్బరు తోటల కూలీలనూ తరలించారు. వారిలో తమిళులు ఎక్కువ. తెలుగుసీమ నుంచి వలసపోయినవారూ ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి వారిని ఊడ్చిపెట్టాయి. మరణించిన ఖైదీలు సుమారు 13,000 మంది. కూలీలు 80,000 నుంచి లక్ష వరకు ఉంటారని అంచనా. ఆ అంచనాలోని తేడాయే 20,000. అంటే, లెక్కకు అందనివారే ఖైదీల మృతులందరికంటే ఎక్కువ!

ఖైదీలలో అధికారులున్నారు, రహస్యంగా మృతుల జాబితాలు రాసి దాచారు. 1945లో వాటి ఆధారంగానే సమాధులను వెదికారు. కూలీలకు అలా రాసిపెట్టేవారు లేరు.

సైనికుల స్మరణను నేను తక్కువచేయను. అయితే మన తర్పణవిధిలో చివర, వంశంలో సంతానం లేక పోయినవారి కోసం వస్త్రం పిండి నీళ్లు వదులుతారు. నా సందేహానికి సమాధానం అక్కడ ఉంది. ఆ నీటిలో వారికీ పాలు ఉండాలి.