ఎక్స్-కిరణ సామాను తనిఖీ యంత్రం

ఎక్స్-కిరణ సామాను తనిఖీ యంత్రం ప్రయాణికుల పెట్టెలను తెరవకుండానే లోపలి వస్తువులను తెరపై చూపే సాధనము. విమానాశ్రయాలలో ఇది తప్పనిసరి. 2017లో హైదరాబాదు మెట్రో ప్రారంభమైన తరువాత మూసాపేట వంటి స్టేషన్లలో నిత్య ప్రయాణికులకూ పరిచయమైనది.

పనిచేయు విధానము

బెల్టుపై కదిలే పెట్టె గుండా పలుచని ఎక్స్-కిరణ పుంజము ప్రసరిస్తుంది. అవతలికి చేరిన కిరణాలను గ్రాహకాలు ఎక్కువ, తక్కువ శక్తుల వద్ద విడివిడిగా కొలుస్తాయి. ఈ రెంటినీ పోల్చినచో పదార్థపు పరమాణు సంఖ్య అంచనాకు వస్తుంది. దానిని బట్టి సేంద్రియ పదార్థాలు నారింజ రంగులోను, లోహాలు నీలంగాను, మధ్యస్థమైనవి ఆకుపచ్చగాను కనిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. పేలుడు పదార్థాలలో అధికభాగం సేంద్రియాలే. అమెరికాలోని పిల్లలకు పంపే అరిసెలు, సున్నుండలూ నారింజ రంగే!

మెరుగుదలలు

1985 జూన్ 22న టొరంటో విమానాశ్రయంలో ఈ యంత్రం మధ్యలో పాడైపోగా, మిగిలిన పెట్టెలను చేతి పరికరంతో పరీక్షించి పంపారు. మరునాడు ఎయిరిండియా కనిష్క విమానం బాంబు పేలి కూలిపోయి 329 మంది మరణించారు.

యంత్రం బాగున్నా, ఒకే కోణపు చిత్రం నీడ వంటిది. ఒకదాని వెనుక ఒకటి ఉన్న వస్తువులు కలిసిపోతాయి. అందుచేత రెండు దిశల నుండి చూసే యంత్రాలు, తరువాత సీటీ స్కాన్ పద్ధతిలో త్రిమితీయ చిత్రాన్నిచ్చేవి వచ్చాయి. వీటిలో వస్తువు సాంద్రత కూడా తెలుస్తుంది. ఇవి ఉన్నచోట ల్యాప్‌టాప్‌ను సాధారణంగా సంచిలోనే ఉంచవచ్చును.

హైదరాబాదులో తయారీ

1967లో అణుశక్తి విభాగం కింద హైదరాబాదులో స్థాపితమైన ఈసీఐఎల్, 1990 దశకంలో అమెరికాకు చెందిన రాపిస్కాన్‌తో కలిసి ఈసీఐఎల్-రాపిస్కాన్ అనే ఉమ్మడి సంస్థను నెలకొల్పినది. ఈ సంస్థ యంత్రాలు దేశంలోని విమానాశ్రయాలకు సరఫరా అయినవి.