సీ పుస్తకం కొనేముందు ఏడాది చూడండి

"అన్నా, సీ నేర్చుకోవాలంటే ఏ పుస్తకం కొనాలి?" అని మా నారాయణఖేడ్ పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక పేరు చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ మనదాకా వచ్చిన పుస్తకాల కథ తెలిస్తే, ఎంచుకోవడం వాళ్ళకే వస్తుంది.

1978లో కెర్నిహాన్, రిచీల పుస్తకం వచ్చింది. సీని తయారుచేసిన రిచీ స్వయంగా ఒక రచయిత. 1988లో రెండో కూర్పు వచ్చింది, అది కూడా మూడొందల పేజీల లోపే. మన దేశంలో చవక ముద్రణ దొరికేది కాబట్టి ధర పెద్ద అడ్డు కాదు. అసలు చిక్కేంటంటే, వేరియబుల్, లూప్ అంటే ఏంటో ముందే తెలిసినవాళ్ళ కోసం రాశామని వాళ్ళే ముందుమాటలో చెప్పారు. మరి మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నవాడి గతేంటి?

ఆ ఖాళీని బాలగురుసామి, యశవంత్ కానేట్కర్ పూరించారు. తేలిక ఇంగ్లీషు, చిన్న ఉదాహరణలు, పాఠం చివర బోలెడు లెక్కలు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళని నిలబెట్టినవి ఇలాంటి పుస్తకాలే. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

అయితే వాటితోపాటు టర్బో సీ కూడా వచ్చింది. బోర్లాండ్ 1987లో విడుదల చేసిన ఈ కంపైలరు డాస్ మీద, ఎంత పాత మెషీన్లోనైనా నడిచేది. ల్యాబులో అదుంది కాబట్టి పుస్తకంలో అదే, పుస్తకంలో అదుంది కాబట్టి ల్యాబులోనూ అదే! దాంతో వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ ఇవన్నీ సీలో భాగమే అనుకున్నారు చాలామంది. 1989 ప్రమాణంలో ఆ రెండు ఫంక్షన్లూ లేవు. సీ ప్లస్ ప్లస్‌దీ అదే కథ. 1998 ప్రమాణం ఐఓస్ట్రీమ్ వెనకున్న 'డాట్ హెచ్' తీసేసినా, మన పుస్తకాల్లో అది ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

నాలుగు పుస్తకాలు కొనగలిగేవాడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. బస్సెక్కి హైదరాబాదొచ్చి, కోఠీలో బేరమాడి ఒక్కటే పాత పుస్తకం కొనుక్కుని వెళ్ళేవాడికే నష్టం. వాడికి ఆ ఒక్కటే ప్రమాణం.

అందుకే నేను చెప్పేది ఇంతే. కూర్పు ఏ ఏడాదిదో చూడండి. మొదటి ప్రోగ్రామును ఇవాళ్టి జీసీసీలో నడిపి చూడండి. కెర్నిహాన్, రిచీల మొదటి ప్రోగ్రాములోనే మెయిన్ ముందు 'ఇంట్' ఉండదు, 1999 ప్రమాణం దాన్ని ఒప్పుకోదు. అంతమాత్రాన ఆ పుస్తకం పనికిరాకుండా పోదు. అది ఏ కాలానిదో తెలిసి చదివితే చాలు.

మీ మొదటి పుస్తకం ఏ ఏడాదిదో ఎప్పుడైనా చూశారా?