డంజన్స్ అండ్ డ్రాగన్స్: పాత ఆటను ఇంట్లో ప్రారంభించే విధానం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనేది నలుగురూ ఒకచోట కూర్చొని మాటలతోనూ, పాచికలతోనూ ఆడుకొనే పాత్రధారణ క్రీడ. ఒకరు కథాలోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, తాము చేయదలచిన పనిని చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనచోట పాచిక తీర్పు చెబుతుంది. నేలమాళిగలలో సంచరించి, వికృతజీవుల బారిన పడకుండా ధనంతో తిరిగి రావడమే ఇందులోని సాహసం. బొమ్మలు, పాచికల ఖరీదు చూసి వెనుదీయవలసిన అవసరం లేదు. కాగితం, పెన్సిలు, నిష్పక్షపాతంగా వ్యవహరించే ఒక మధ్యస్థుడు ఉంటే ఈ ఆట సాగుతుంది.

పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణముంది. అక్కడ నివసించిన గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనే మిత్రునితో కలసి 1971లో చెయిన్‌మెయిల్ అనే నియమావళిని ప్రకటించాడు. చిన్న సైనిక ప్రతిమలతో మధ్యయుగపు యుద్ధాలను ఆడే పద్ధతి అది. పొరుగు రాష్ట్రమైన మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ బ్లాక్‌మూర్ అనే కల్పిత ప్రాంతాన్ని సృష్టించి, ఒక్కొక్క ఆటగాడు సైన్యానికి బదులు ఒకే వ్యక్తిని నడిపే ఆటను సాగించాడు. వీరిద్దరి కృషి ఫలితంగా 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది.

కొత్తవారికోసం 1977లో ఎరిక్ హోమ్స్, 1981లో టామ్ మోల్డ్‌వే, 1983లో ఫ్రాంక్ మెంట్‌జర్ సరళమైన బేసిక్ సంపుటాలను కూర్చారు. వీటిలో 1981 నాటి పుస్తకం 64 పుటలు మాత్రమే. పదేళ్లు దాటినవారు ఆడవచ్చునని దాని అట్టపైనే ముద్రించారు. ఈ వ్యాసం ఆ సంపుటాన్నే అనుసరిస్తుంది.

కావలసిన సామగ్రి

మధ్యస్థుడు గాక ముగ్గురు నలుగురు ఆటగాళ్లుంటే మేలు. ఆటలో 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు వాడతారు. ఆరు ముఖాల పాచిక లూడో పెట్టెలో దొరుకుతుంది. మిగిలినవి లేకున్నా చింతించనక్కరలేదు. 1979 ప్రాంతంలో పాచికల కొరత ఏర్పడినప్పుడు ప్రచురణకర్తలే అంకెలు వేసిన కాగితపు బిళ్లలను పెట్టెలో పెట్టి అమ్మారు. మనమూ అట్టముక్కలపై 1 నుండి 20 వరకు అంకెలు వేసి, చెంబులో కలిపి, చూడకుండా ఒకటి తీయవచ్చు. తీసిన ముక్కను ప్రతిసారీ తిరిగి చెంబులో వేయాలి. లేనిచో తరువాతి లెక్క న్యాయంగా ఉండదు.

సైనిక ప్రతిమలు ఐచ్ఛికం. ఎవరు ముందు నడుస్తున్నారో, ఎవరు వెనుక ఉన్నారో చూపడానికి చింతగింజలు, గవ్వలు చాలు. గైగాక్స్ బృందం సైతం హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మలను వికృతజీవులుగా వాడుకొన్నది. ఇనుమును తుప్పుపట్టించే రస్ట్ మాన్‌స్టర్ వంటి ప్రసిద్ధ జీవులు ఆ బొమ్మల నుండి పుట్టినవే.

పెద్దల సందేహాలు

పాచికలు అనగానే ధర్మరాజు ఆడిన ద్యూతం గుర్తుకు రావడం సహజం. ఈ ఆటలో పందెం లేదు. ఆటగాళ్లందరూ ఒకే పక్షం కనుక ఒకరు గెలిచి మరొకరు ఓడడమూ లేదు. డబ్బు ప్రస్తావన రానీయకుండా చూడడం పెద్దల బాధ్యత.

1980లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు ఈ ఆట పిల్లలకు క్షుద్రవిద్య నేర్పుతుందని భయపడ్డారు. నిజానికి ఇందులో మంత్రమంటే ఒక లెక్క. ఉదాహరణకు, నిద్రమంత్రం ప్రయోగించినప్పుడు ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేసి, ఎంత బలగం నిద్రలోకి జారుకొన్నదో చూస్తారు. పఠించవలసినది ఏమీ లేదు.

పాత్ర నిర్మాణం

బలం, తెలివి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకర్షణ అని ఆరు గుణాలున్నాయి. ఒక్కొక్క గుణానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేసి మొత్తం వ్రాసుకోవాలి. 10 లేక 11 తరచుగా వస్తాయి. 18 రావడం 216 సార్లలో ఒక్కసారి జరిగే సంగతి.

తరువాత వర్గాన్ని ఎన్నుకోవాలి. యోధుడు, మాంత్రికుడు, మతసేవకుడు, దొంగ అనేవి మనుష్య వర్గాలు. డ్వార్ఫ్, ఎల్ఫ్, హాఫ్లింగ్ అనేవి ఐరోపా జానపద కథల ఛాయలున్న ఇతర జాతులు. ప్రాణబలం నిర్ణయించడానికి యోధుడు ఎనిమిది ముఖాల పాచిక, మాంత్రికుడు నాలుగు ముఖాల పాచిక వేస్తారు. మూడు పాచికల మొత్తాన్ని పదితో హెచ్చిస్తే చేతిలోని బంగారు నాణేల సంఖ్య వస్తుంది. కత్తి 10 నాణేలు, తోలు కవచం 20, గొలుసు కవచం 40.

పోరాటం

కవచం లేనివాని రక్షణాంకం 9. తోలు కవచానికి 7, గొలుసు కవచానికి 5. అంకె తగ్గినకొద్దీ రక్షణ పెరుగుతుంది. కొత్త పాత్ర దెబ్బ వేయాలంటే శత్రువు రక్షణాంకాన్ని 19 నుండి తీసివేసి, ఆ సంఖ్యగాని అంతకు మించిగాని ఇరవై ముఖాల పాచికపై తెచ్చుకోవాలి. గాబ్లిన్ అనే మరుగుజ్జు శత్రువు రక్షణాంకం 6. అనగా 13 గాని, అంతకన్న ఎక్కువ గాని రావాలి. ఇరవైలో ఎనిమిది అవకాశాలు మాత్రమే. తగిలిన దెబ్బకు ఆరు ముఖాల పాచిక వేసి, వచ్చిన సంఖ్యను ప్రాణబలం నుండి తగ్గించాలి. సున్నాకు చేరితే ఆ పాత్ర మరణించినట్లే.

కొత్త యోధుడు సైతం ఒకటి రెండు దెబ్బలకే నేలకూలవచ్చు. అందుచేత ఎదురైన ప్రతిదానిపైకీ దూకేవారు ఎక్కువకాలం నిలువరు.

యుక్తికే పెద్దపీట

ఈ పాత ఆటలోని అసలు అందం ఇక్కడే ఉంది. గాబ్లిన్‌ను ఓడిస్తే వచ్చే అనుభవాంకాలు 5. ఒక్క రక్తపుచుక్క చిందించకుండా 100 బంగారు నాణేలు ఇంటికి తెస్తే వచ్చేవి 100. వీటిని ఆటగాళ్లు పంచుకొంటారు. యోధుడు రెండవ స్థాయికి ఎదగడానికి 2,000 కావాలి. లెక్క చూసినవారెవరైనా కత్తికన్న యుక్తి మేలని గ్రహిస్తారు.

ఎదురైనవారు ఎలా స్పందిస్తారో తెలియనప్పుడు మధ్యస్థుడు రెండు పాచికలు వేస్తాడు. 2 వస్తే వెంటనే దాడి, 12 వస్తే స్నేహం. తరచుగా వచ్చేది 6 నుండి 8 వరకు, అనగా వారు ఎటూ తేల్చుకోలేని స్థితి. అప్పుడు మాట నేర్పు పనికి వస్తుంది. ఇంటిలో మాట్లాడడానికి జంకే పిల్లలకు ఇది మంచి అవకాశం. కాగడా ఒక గంట మాత్రమే వెలుగుతుంది కనుక కాలాన్ని కూడా పొదుపుగా వాడుకోవాలి.

మధ్యస్థుని ధర్మం

మధ్యస్థుడు ఆటగాళ్లకు శత్రువు కాడు. ప్రమాదం ఉన్నచోట దాని జాడను ముందుగా తెలియజెప్పాలి. పాచికను అందరి ఎదుట వేయాలి. తన బిడ్డ పాత్రకు ఒక న్యాయం, పొరుగు బిడ్డ పాత్రకు మరొక న్యాయం చూపిన నాడే ఆట చెడుతుంది. పాత్ర మరణించి పిల్లవాడు కన్నీరు పెట్టుకొంటే తీర్పు మార్చనక్కరలేదు. పక్కన కూర్చొని కొత్త పాత్ర వ్రాయించి, వీలైనంత త్వరగా ఆటలోకి తీసుకురావాలి.

మొదటి సాహసం

1981 పెట్టెలో గైగాక్స్ వ్రాసిన ది కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్ అనే సాహసమూ ఉండేది. అది సరిహద్దులోని ఒక కోట, దాని సమీపంలోని గుహల కథ. కోటలోని కమ్మరికి, వర్తకునికి, సత్రం యజమానికి రచయిత పేర్లు పెట్టలేదు. ఆ పని మధ్యస్థునికే వదిలాడు. మన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇది అనుకూలం. కమ్మరి తెలుగులో, వర్తకుడు కన్నడంలోనో ఒడియాలోనో పలుకవచ్చు. నియమాలు ఆంగ్లంలో ఉన్నా ఆట మన మాటలలో సాగుతుంది.

పుస్తకాలు

1981 నాటి పెట్టె ఇప్పుడు ముద్రణలో లేదు. దాదాపు అదే పద్ధతిలో ఆడదగిన బేసిక్ ఫ్యాంటసీ అనే నియమావళి 2007 నుండి ఉన్నది. దానిని అంతర్జాలం నుండి ఉచితంగా దింపుకోవచ్చు. అందులో రక్షణాంకం పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందన్న భేదాన్ని గమనించాలి.

మొదటిరోజు నియమాలన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. నాలుగైదు గదుల నేలమాళిగను గళ్లకాగితంపై గీసి, రెండు గంటలు ఆడండి. సందేహం వచ్చినచోట మధ్యస్థుడు న్యాయమని తోచిన తీర్పు చెప్పి, ఆట ముగిసిన తరువాత పుస్తకం చూసి సరిచేసుకొంటే సరిపోతుంది.