గోల్ఫు కఱ్ఱయు, ఊరుమ్మడి బయలును



ఈ సాయంకాలము గోల్ఫు అను ఆటను గూర్చి మీతో ముచ్చటింప బూనితిని. మేళ్లచెరువు రచ్చబండపై గూర్చుండి వినుచున్న పెద్దలు "దొరల యాట సంగతి మనకేల?" యని నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. మన రాతిచెలకలలో ఆ యాట కనబడునది కాదు. అయినను బాల్యమున చిర్రగోనె యాడనివారు మీలో నెవరున్నారు? చిన్న గుంట త్రవ్వి, దానిపై పుల్ల నడ్డముగా నుంచి, చేతికఱ్ఱతో నెగురగొట్టి, అది పడినచోటినుండి కఱ్ఱతో దూరము కొలుచుట మనకు తెలియనిది కాదు. కోస్తావారు దానినే బిళ్ళంగోడు అందురు. గోల్ఫు కూడ కఱ్ఱయు గుంటయు గల యాటయే. మన యాట గుంటయొద్ద మొదలగును. వారి యాట గుంటలో ముగియును. నిలిచియున్న చిన్న బంతిని కఱ్ఱతో గొట్టుచు, మిగుల తక్కువ దెబ్బలలో దానిని గుంటలో బడవేసినవాడే గెలిచినవాడు. పెద్ద మైదానములో నట్టి గుంటలు 18 ఉండును. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములు.

ఈ యాట స్కాట్లండు దేశమున పెరిగినది. దానిని గూర్చి దొరకు తొలి శాసనము దాని నిషేధించిన శాసనమే యగుట వింత. 1457వ సంవత్సరమున రెండవ జేమ్సు రాజు కాలమున అచ్చటి సభ, జనులు విలువిద్య మాని బంతులవెంట దిరుగుచున్నారని తలచి, కాలిబంతిని గోల్ఫును మానవలసినదని యాజ్ఞాపించెను. 1471లోను, 1491లోను మరల నదే యాజ్ఞ. ఒక యాజ్ఞను మూడుసారులు చాటవలసివచ్చెననగా జనులు దానిని లెక్కపెట్టలేదనియే యర్థము. తుదకు 1502లో నాలుగవ జేమ్సు రాజే పెర్తు పట్టణపు విండ్లు చేయువానియొద్ద గోల్ఫు కఱ్ఱలు కొనెను. విల్లు వంచుట కనువైన కఱ్ఱ నెఱిగినవానికి ఆటకఱ్ఱ చేయుట యొక లెక్కగాదు గదా! నాగలి చెక్కు వడ్లవాడే పిల్లవానికి బొంగరము చెక్కి యిచ్చుట మన యూళ్లలోను గలదు.

ఇక బంతి కథ వినుడు. పూర్వము తోలుసంచిలో ఉడికించిన బాతుఈకలను కూరికూరి బంతి చేసెడివారు. పనివాడు దినమెల్ల కష్టపడినను మూడు నాలుగు బంతులకు మించి చేయలేకుండెను. వానలో దడిసిన నది బరువెక్కి, కుట్లు విడిపోయెడిది. కఱ్ఱ కొనగలిగినవాడును బంతులు కొనలేక యాట మానుకొనెడివాడు. 1848 ప్రాంతమున మలయా దేశపు చెట్టుపాలతో జేసిన గట్టాపర్చా బంతి వచ్చెను. మన యిప్పచెట్టును సపోటాయును ఆ చెట్టు కులమునకు జెందినవే. ఆ పాలు వేడినీళ్లలో మెత్తబడి, చల్లారిన గట్టిపడును. సముద్రములో వేసిన తంతితీగెలపై పూతగా వాడినదియు నదియే. బంతి చెడిన మరల వేడినీళ్లలో వేసి, చేతులతో గుండ్రముగా జుట్టుకొనవచ్చును. వెల మిక్కిలి తగ్గెను. సామాన్యుడు ఆటలోనికి వచ్చెను.

కాని ఒకని లాభము మఱియొకని కడుపుకోత. సెంటాండ్రూసు పట్టణమున ఆలన్ రాబర్ట్‌సన్ అను నాతడు ఈకబంతులు చేయుటలో పేరెన్నిక గన్నవాడు; ఆటగాండ్రలోను మేటి. కొత్తబంతి తన వృత్తిని మింగునని తలచి, దొరకిన కొత్తబంతుల నెల్ల నిప్పులో వేయించెనని చెప్పుదురు. ఆతనియొద్ద పనిచేయు టాము మారిసు అను యువకుడు ఒకనాడు గట్టాపర్చా బంతితో నాడుట చూచి గురువు మండిపడెను, ఇరువురును విడిపోయిరి. కొలదికాలములోనే రాబర్ట్‌సన్ కూడ కొత్తబంతులు చేయక తప్పలేదు. 1858లో సెంటాండ్రూసు మైదానమున 79 దెబ్బలతో ఆట ముగించి, 80కి లోపల ముగించిన తొలివాడని కీర్తిగాంచినది ఆ కొత్తబంతితోనే. మిల్లుబట్ట వచ్చినప్పుడు మగ్గము చేతబట్టినవాని గతి యేమైనదో యెఱిగిన మనకు ఆ గురువు కోపము అర్థము కాకపోదు. అయితే యతడు కోపముతోనే యుండిపోక, చేతినేర్పును కొత్తపదార్థమునకు మరల్చుకొనెను.

మఱి యేబదియేండ్లకు ఆ కొత్తబంతియు పాతదయ్యెను. 1898లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్ అనువాడు రబ్బరుదారమును బిగించి చుట్టి బంతి చేసెను. ఇంగ్లండులో హారీ వార్డను అను మహాక్రీడాకారుడుండెను. 1900లో ఒక సామాను కంపెనీ తన గట్టాపర్చా బంతిని ప్రకటించుకొనుటకై యాతని పేరు దానికి పెట్టి, యాతని నమెరికాకు బంపెను. జనులు విరగబడి చూచిరి. రెండేండ్లకు, 1902లో, హాయిలేకు పందెమున సాండీ హెర్డు అను నాటగాడు ఆ రబ్బరుదారపు బంతితో నాడి, వార్డనును ఒక్క దెబ్బ తేడాతో నోడించెను. ఆతడు నాలుగు విడతల యాటను ఒక్కబంతితోనే ముగించెను. మహాక్రీడాకారుని పేరు గట్టినంతమాత్రమున సామాను మంచిదగునా? అంగడిలో విత్తనముల సంచులపై బొమ్మ జూచి కొనువారికిని ఈ కథ పనికివచ్చును.

కఱ్ఱల చరిత్రమును ఇట్టిదే. పిడికి అమెరికానుండి హికరీ అను చేవగల కఱ్ఱ తెచ్చెడివారు. ఆ దేశమున గొడ్డలి కాములు చేయునది ఆ కఱ్ఱతోనే. దెబ్బ తాకినప్పుడు వంగును గాని విఱుగదు. బంతిని తాకు తలకు పెర్సిమను అను చెట్టు మ్రాను. ఇది మన తునికిచెట్టునకు దాయాది. మనము ఆకుతో బీడీలు చుట్టుదుము. వారు మ్రానితో ఆటకఱ్ఱకు తల చెక్కిరి. తరువాత ఉక్కుగొట్టములు వచ్చినవి. బ్రిటనులో పెద్దల సంఘము 1929లో వాని నంగీకరించెను. ఉక్కుకఱ్ఱలు యంత్రములపై ఒక్కరీతిగా తయారగుటచే దూరమునకొకటి, వాలునకొకటి యనుచు ఆటగాండ్రు ఇరువదికి పైగా మోయింపసాగిరి. మోయు పిల్లవాని వీపు వంగినది. ధనవంతునకు బలము, పేదకు లోటు నేర్పడినది. అందుచే అమెరికాలో 1938 మొదలుకొని, బ్రిటనులో మఱుసటియేడు మొదలుకొని, ఆటగాడు 14 కఱ్ఱలకు మించి తీసుకొనిపోరాదని కట్టుబాటు చేసిరి. ఇప్పుడు టైటానియము, బొగ్గునార మొదలగు పదార్థములతో కఱ్ఱలు చేయుచున్నారు; కట్టుబాటు మాత్రమటులే యున్నది.

కఱ్ఱ లెన్ని యున్నను నేర్చుకొనువానికి నాలుగైదు చాలును: దూరమునకు కొట్టునదొకటి, నడిమిదూరములకు ఇనుపతలలు గలవి రెండో మూడో, గుంటయొద్ద మెల్లగా దొర్లించునదొకటి. ఇతరులు వాడి విడిచిన పాతకఱ్ఱ యైనను సరియే. అది తన యెత్తునకు దగియుండవలెను. పిడి చేతికి నిండుగా నమరవలెను. మీరు గొడ్డలి పట్టు విధము దలచుకొనుడు. పిడికిలి బిగించి, భుజముల బలముతో గొట్టువాడు పది దెబ్బలకే యలసిపోవును; కట్టెయు చీలదు. నేర్పరి పిడిని సుతారముగా బట్టి, కాళ్లు నిలకడగా నుంచి, నడుము తిప్పి, గొడ్డలి బరువునే పని చేయనిచ్చును. చూపు కట్టెపైనే నిలుపును. గోల్ఫు గురువులు చెప్పునదియు సరిగా నిదియే. బంతి యెటుపోవునో యను నాత్రముతో ముందే తలయెత్తినవాని దెబ్బ వట్టిపోవును. దూరముగా కొట్టవలెనను నాశతో పాడగు ఆట లెక్కలేనన్ని. ఒకబారెడు దూరమునుండి గుంటలో దొర్లించు దెబ్బకును, ఇన్నూఱు గజములు పోవు దెబ్బకును లెక్కలో విలువ యొక్కటే. ఈ చిన్నదెబ్బను సాధన చేయుటకు వెలగల సామాను అక్కఱలేదు, ఇంటిముంగిలి చాలును.

ఈ యాటలో మఱియొక ధర్మము గలదు. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరలో మేళ్లచెరువున ఎడ్లపందెములు జరుగుట మీకు తెలియును. రెండుపండ్ల గిత్తలను ఆఱుపండ్ల యెడ్లతో పోటీకి నిలుపుదురా? నిలుపరు. పండ్లనుబట్టి విభాగములు చేసి, దేని సాటిదానితో దాని నిలుపుదురు. గోల్ఫులో నేర్పరికిని సామాన్యునికిని ఒకే పందెమున సరితూకము చేయుదురు. సామాన్యుని పూర్వపు ఆటలు చూచి అతనికి కొన్ని దెబ్బల తగ్గింపు నిత్తురు. ఒకడు 90 దెబ్బలలో ముగించెననుకొందము, అతని తగ్గింపు 18, లెక్క 72. మఱియొకడు 76 దెబ్బలలో ముగించెను, అతని తగ్గింపు 2, లెక్క 74. గెలుపు మొదటివానిది. తాత మనుమడు కలిసి యాడుకొనగల యాట లరుదు, ఇది యట్టిది.

మన దేశమునకు ఈ యాట యెట్లు వచ్చెను? 1829లో కలకత్తాలో ఇంగ్లీషువారు సంఘము స్థాపించుకొనిరి. 1876లో బెంగుళూరున మఱియొకటి. ఇప్పుడు హైదరాబాదున గోల్కొండకోట చేరువ నయాఖిలాలోను మైదానమున్నది. మైదానములలో మనవారికి చిరకాలము దొరకిన పని సంచి మోయుట. ఆ మోసినవారిలోనుండియే మేటి యాటగాండ్రు పుట్టుట యీ చరిత్రమునకు తలమానికము. ఢిల్లీలో కఱ్ఱలసంచి మోసిన అలీ షేరు 1991లోను, 1993లోను భారత జాతీయపందెము గెలిచెను. కలకత్తా మైదానమున పచ్చిక పెంచు పనివాని కుమారుడు చౌరాసియా 2016లోను, 2017లోను అదే పందెమును గెలిచెను. అమెరికాలో 1913లోనే, సంచిమోత పనినుండి వచ్చిన తోటమాలి కుమారుడు ఫ్రాన్సిసు విమెట్టు, ఇరువదియేండ్ల ప్రాయమున, ముందు చెప్పిన వార్డనునే యోడించెను. వీరి బాల్యమున వెలగల సామాను లేదు. వీరికి గలిగినది దినదినము మైదానముపై కాలుపెట్టు భాగ్యము మాత్రమే.

అసలు చెప్పదలచినది ఇప్పుడు చెప్పెదను. సామాను దొరకినను, గురువు దొరకినను, బయలు లేనిదే యాట లేదు. సెంటాండ్రూసు సముద్రతీరపు పచ్చిక పూర్వమునుండి ఊరుమ్మడి నేల. 1552లో అచ్చటి మతాధిపతి, ఆ నేలపై ఆడుకొను హక్కు ఊరివారిదని పత్రము వ్రాయించెను. 1797లో పట్టణపు పాలకవర్గము అప్పులపాలై ఆ నేలను చేజార్చుకొనెను. అది కుందేళ్ల వ్యాపారుల పాలయ్యెను. కుందేళ్లు బొరియలు త్రవ్వి నేలనెల్ల పాడుచేసెను. ఊరివారు కుందేళ్లను చంపిరి, కొట్లాటలు జరిగెను, ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచెను. 1821లో జేమ్సు చీపు అను స్థానిక భూస్వామి దానిని కొని, ఆటకు విడిచెను. తుదకు 1894లో పార్లమెంటు శాసనముచే అది మరల పట్టణపు సొత్తయ్యెను. ఇప్పటికిని అచ్చటి పాతమైదానమున ఆదివారము సాధారణముగా ఆట యుండదు. ముసలివారు, తల్లులు, పిల్లలు ఆ పచ్చికపై నడచుచుందురు. ప్రపంచమునందలి గోల్ఫు మైదానములలో మిగుల పేరుగలది ఒక ఊరి పిల్లల యాటస్థలము కూడ నగుట చూడుడు. ఒకతరము పెద్దలు అప్పునకు లొంగి పోగొట్టినదానిని మరల సంపాదించుటకు సుమారు నూఱేండ్లు పట్టినది.

గోల్ఫు మైదానము మన యూళ్లకు కావలెనని నేను చెప్పను. దానికి నూఱెకరములకు పైబడిన నేల, ఎండలోను పచ్చికను నిలుపు నీరు కావలెను. మన మెట్టసీమకు పొలమునకు నీరు చాలుటయే కష్టము. నేను చెప్పునది ఊరి బంచరాయిని గూర్చి, గైరానును గూర్చి, బడివెనుక బయలును గూర్చి. కొంత పట్టాలలో గలిసినది, కొంత ఇండ్లక్రింద బోయినది, కొంత రాతిపనికి చిక్కినది. మిగిలినదానికి హద్దులు చూపగలవారు మీరే. ఏ రాయి యెక్కడ నుండెనో, ఏ వేపచెట్టువఱకు పశువులు మేసెనో, ఏ చోట మీరు చిర్రగోనె యాడితిరో పడుచువారికి తెలియదు. మీ తరువాత దానిని చెప్పువారుండరు.

కావున మీరు జ్ఞాపకమున్నంతవఱకు హద్దులు వ్రాయింపుడు, గ్రామపంచాయతిలో నుంచుడు, సర్వేకాగితముతో సరిచూపింపుడు. హద్దురాళ్లు పాతించి, చుట్టును వేపమొక్కలు నాటింపుడు. తరువాత ఒక సాయంకాలము మనుమని వెంటబెట్టుకొని యచ్చటికిబోయి, చిర్రగోనె గుంట యెట్లు త్రవ్వవలెనో చూపింపుడు. కఱ్ఱ యే చెట్టుదైనను దొరకును. బయలు పోయినచో దొరకదు.