ఐదు కిలోమీటర్ల ఇజాజత్

ఒలింపిక్స్‌లో మగవాళ్లు ఐదు వేల మీటర్ల పరుగు మొదటిసారి పరిగెత్తింది 1912లో, స్టాక్‌హోమ్‌లో. ఆడవాళ్లకు అదే దూరం దక్కింది 1996లో, అట్లాంటాలో. మధ్యలో 84 ఏళ్లు. మా నానీ పుట్టక ముందే మగవాళ్లకు తెరిచిన దర్వాజా, నా నికాహ్ అయ్యాక గానీ ఆడవాళ్లకు తెరుచుకోలేదు.

ఈ తారీఖులు నేను వెతకడానికి ఒక కారణం ఉంది. పోయిన చలికాలం హైదరాబాద్‌లో క్యాన్సర్ మరీజుల ఇలాజ్ కోసం పెట్టిన ఐదు కిలోమీటర్ల పరుగులో నేనూ పేరు రాయించుకున్నాను. యాభై దాటిన ఔరత్‌ని, మోకాళ్లు సతాయిస్తూనే ఉంటాయి. ఇంట్లో ముందు నవ్వారు. "సడక్ మీద, అందరి ముందు పరుగేంది?" అన్నది మా ఫుప్పు. క్యాన్సర్ వాళ్ల కోసమని చెప్పగానే ఆమె గొంతు మారిపోయింది. "సవాబ్ కా కామ్ హై, జా బేటీ" అన్నది.

ఆ మాట నా దిల్‌లో ఉండిపోయింది. పరుగు అదే, సడక్ అదే, నేనూ అదే. ఖైరాత్ అనే మాట కలిసేసరికి ఇజాజత్ దొరికింది. ఇది మా ఒక్క ఇంటి కహానీ అనుకున్నాను గానీ, చరిత్ర తిరగేస్తే దునియా అంతా ఇలాగే నడిచింది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్‌కే గెలిచింది. మరుసటి రోజు అఖ్బార్లు ఏం రాశాయి? ఔరతులు మధ్యలోనే ఆగిపోయారని, స్పృహ తప్పి పడిపోయారని. నిజానికి ఫైనల్‌లో పరిగెత్తిన తొమ్మిది మందీ గీత దాటారు. అయినా ఆ ఝూట్‌దే పైచేయి అయింది. 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా ఆడవాళ్లకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు. ఎక్కువ దూరం పరిగెత్తితే గర్భసంచి పాడవుతుందని చదువుకున్న హకీములు కూడా చెప్పిన జమానా అది. 1500 మీటర్లు 1972లో వచ్చాయి, మారథాన్ 1984లో వచ్చింది. ఐదు వేల మీటర్ల కోసం ఇంకా 12 ఏళ్లు ఇంతెజార్ చేయాల్సి వచ్చింది.

ఈలోగా ఇంకో రాస్తా తెరుచుకుంది. 1980లో టెర్రీ ఫాక్స్ అనే నౌజవాన్, క్యాన్సర్‌తో ఒక కాలు పోగొట్టుకున్నవాడు, పెట్టుడు కాలుతో కెనడాను దాటడానికి బయల్దేరాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వచ్చాక మర్జ్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. 1981 జూన్‌లో, 22 ఏళ్లకే ఇంతెకాల్ అయ్యాడు. అదే సెప్టెంబర్‌లో అతని పేరు మీద కెనడా అంతటా పరుగు పెట్టారు. గెలిచేవాడు లేడు, ఓడేవాడు లేడు. నడిచేవాళ్లకూ జగా ఉంది.

అమెరికాలో సూసన్ కోమెన్ అనే ఆమె 1980లో, 36 ఏళ్లకు, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. చెల్లెలు నాన్సీ బ్రింకర్ 1982లో అక్క పేరు మీద ఒక సంస్థ పెట్టి, 1983లో డాలస్‌లో ఐదు కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టింది. 800 మంది వచ్చారు. 1994లో లండన్ బాటర్‌సీ పార్కులో క్యాన్సర్ పరిశోధన కోసం 680 మంది ఆడవాళ్లు ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. తారీఖులు మళ్లీ ఒకసారి చూడండి. ఒలింపిక్స్ వాళ్లు 1996లో ఇచ్చిన దూరాన్ని మామూలు తల్లులు, అక్కచెల్లెళ్లు అంతకు ముందే ఖిద్మత్ పేరుతో తీసేసుకున్నారు.

మొరాకోకు చెందిన నవాల్ అల్ ముతవక్కిల్‌ది ఇంకో దారి. 1984లో 400 మీటర్ల హర్డిల్స్ గెలిచి, అరబ్ దేశాల నుంచి ఒలింపిక్ బంగారు పతకం తెచ్చిన మొదటి ఔరత్ అయింది. 1993లో కాసాబ్లాంకాలో ఆడవాళ్ల కోసమే ఒక పరుగు మొదలుపెట్టడంలో ముందు నిలిచింది. తర్వాతి ఏళ్లలో దానికి వేలమంది వచ్చారు. తల మీద రుమాల్ ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ.

ఇక మా పరుగు సంగతి. ఫజర్ చదువుకుని హుస్సేన్ సాగర్ ఒడ్డుకు చేరేసరికి అప్పటికే ఇసుక వేస్తే రాలనంత భీడ్. సీటీ మోగినా మేం కదలలేదు. గీత దాకా చేరడానికే చాలాసేపు పట్టింది. దాంతో నష్టమేం లేదు. ఛాతీ మీద పెట్టుకునే నంబర్ వెనక చిన్న చిప్ ఉంటుంది, మనం గీత దాటినప్పుడే మన టైమ్ మొదలవుతుంది. మొదటి కిలోమీటర్ పరుగెత్తడానికి సందే లేదు. బురఖా మీద పరుగు వాళ్లిచ్చిన టీ షర్ట్ వేసుకున్న అమ్మాయిలు, చీర కట్టి బూట్లు వేసుకున్న అత్తమ్మలు, సెల్ఫీ కోసం ఉన్నట్టుండి ఆగిపోయే పిల్లలు. ఒక అమ్మాయి వీపు మీద "మా అమ్మ కోసం" అని రాసిన కాగితం పిన్ను పెట్టుకుంది. రెండు కిలోమీటర్లు ఆ కాగితం వెనకే వెళ్లాను. మూడో కిలోమీటర్ దగ్గర దమ్ము ఆడక నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్లిచ్చే కుర్రాడు "ఆరామ్‌గా రండి అమ్మీ" అన్నాడు.

అట్లాంటాలో చైనా అమ్మాయి వాంగ్ జున్‌షియా 15 నిమిషాల లోపే ఈ దూరం దాటి గెలిచింది. నాకు 46 నిమిషాలు పట్టింది. ఇంత నెమ్మదిగా పరిగెత్తే హక్కు కూడా ఆ డాలస్, లండన్ ఔరతులు సంపాదించి పెట్టిందే.

అయినా ఒక సవాల్ మిగిలే ఉంది. ఖైరాత్ బహానా లేకుండా, ఒట్టి షౌక్ కోసం, సెహత్ కోసం మనం పరిగెత్తకూడదా? మన ఇళ్లలో అందరికీ తెలిసిన రివాయత్ ఒకటి సునన్ అబూ దావూద్‌లో ఉంది. సఫర్‌లో ప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) పోటీ పడి పరిగెత్తారు. ఆమె గెలిచారు. కొన్నాళ్లకు ఆమె ఒళ్లు చేశాక మళ్లీ పరిగెత్తితే ఆయన గెలిచారు. అందులో చందా లేదు, ఎవరి మర్జ్ లేదు. ఒకరి తోడు ఒకరికి ఖుషీ, అంతే.

మరీజుల కోసం పరిగెత్తండి, తప్పకుండా పరిగెత్తండి. మీరు కట్టిన ఫీజులో మరీజుకు చేరేదెంతో హిసాబ్ కూడా అడగండి. కానీ మీ ఇంట్లో ఏ అమ్మీ అయినా, ఆపా అయినా పొద్దున్నే బూట్లు తొడుక్కుంటుంటే, "ఎవరి కోసం?" అని అడిగే ముందు ఆ 84 ఏళ్లు ఒకసారి యాద్ చేసుకోండి.