మార్నింగ్ షోలో ఏడాది

బూదికోట వాళ్ళం ఎక్కడికెళ్ళి ఊరి పేరు చెప్పినా రెండే మాటలు వినబడతాయి. హైదరాలీ పుట్టిన ఊరా? కేజీఎఫ్ పక్కనా? 2018లో 'కేజీఎఫ్' సినిమా వచ్చాక రెండో మాటే ముందుకొచ్చింది. అప్పట్నుంచి మనలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, మన కోట మీద చిన్న సినిమా తీస్తే ఆడుతుందా అని. స్టార్లు, కోట్ల సెట్లు లేని పాతకాలం కథ ఎవరు చూస్తారని కొట్టిపారేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకోసమే ఈ 'మాభూమి' సంగతి.

1980 మార్చి 23న విడుదలైంది. నిజాం కాలం, తెలంగాణ రైతాంగ పోరాటం. అప్పటికే ముప్పై ఏళ్ళ వెనకటి కథ. మూలం కృష్ణచందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయనకిదే మొదటి కథాచిత్రం. నిర్మాతలు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్. రామయ్యగా వేసిన సాయిచంద్‌కీ ఇదే మొదలు. పోస్టరు మీద చూసి జనం టిక్కెట్టు కొనే పేరు ఒక్కటీ లేదు.

అలాంటిది హైదరాబాదులో మార్నింగ్ షోలుగా ఏడాది ఆడింది!

ఆ రోజుల్లో మార్నింగ్ షో అంటే హాలువాళ్ళకు పెద్ద లెక్క కాదు. మ్యాట్నీ, ఫస్టు షో, సెకండు షో పెద్ద సినిమాలవి. మిగిలిన పొద్దుటి ఆట చిన్నవాటికి. చూడ్డానికి అవమానంలాగే ఉంటుంది కానీ, మా ఉద్దేశంలో 'మాభూమి'ని కాపాడింది అదే. కొత్త పెద్ద సినిమా వచ్చినా పొద్దుటి ఆటకు పోటీ ఉండదు. చూసినవాడు ఇంకొకడికి చెప్పేదాకా సినిమా హాల్లోనే ఉంటుంది. గద్దర్ తెరమీద ఆడిన పాట అయితే హాలు దాటి ఊళ్ళకు పోయింది. ఇప్పుడు శుక్రవారం వచ్చిన సినిమాకు ఆదివారానికల్లా తీర్పు చెప్పేస్తున్నారు, ఆ మాట పాకే వ్యవధే లేదు.

ఇంకో ఉదాహరణ మనకు మరీ దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం మనది. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి, అంటే నెల్లూరు పట్టాభిరామిరెడ్డి, 1970లో కన్నడంలో 'సంస్కార' తీశాడు. సెన్సారువాళ్ళు మొదట నిషేధించారు. ఆ తర్వాత విడుదలై, జాతీయ ఉత్తమ చిత్రంగా బంగారు పతకం తెచ్చుకుంది. కన్నడానికి అదే మొదటిసారి. చేసింది ఒక తెలుగు కవి అని మనవాళ్ళే చాలామందికి తెలియదు, అదో బాధ.

కాబట్టి హైదరాలీ కథకు కోట్లు కావాలన్న మాట మేము ఒప్పుకోం. యుద్ధాలు, సింహాసనం పెద్దవాళ్ళే తీసుకోనీ. ఇక్కడ పుట్టిన పిల్లవాడి కథకు మన కోట గోడలున్నాయి, చుట్టూ గుట్టలున్నాయి, రెండు భాషలూ మాట్లాడే జనం ఉన్నారు. అడగాల్సింది డబ్బెంత అని కాదు. కోలారులోనో, రాబర్ట్‌సన్‌పేటలోనో ఏ హాలువాళ్ళు మూడు నెలలపాటు పొద్దుటి ఆట వదలకుండా ఇస్తారు? ముందు అది కనుక్కుందాం.